1993లో ఒకే పని చేసిన రెండు దేశాలు: స్వలింగ ప్రేమికుల హక్కుల వెనక కథ

1993 మే నెలాఖరులో రష్యా, ఆ తర్వాత కొద్ది వారాలకే ఐర్లాండ్, మగవాళ్ల మధ్య శృంగారాన్ని నేరాల జాబితాలోంచి తీసేశాయి. విచిత్రమేంటంటే ఒత్తిడి కూడా ఇద్దరికీ ఒకే వైపు నుంచి వచ్చింది. రష్యాకి, మానవ హక్కుల కోసం యూరప్ దేశాలు పెట్టుకున్న కూటమి కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లో సభ్యత్వం కావాలి. ఐర్లాండ్‌ని అదే కౌన్సిల్ మానవ హక్కుల కోర్టు 1988లోనే తప్పుపట్టింది. అంటే ఆ ఏడాది చూసినవాళ్లకి రెండు దేశాలూ ఒకే మెట్టు మీద కనిపించాలి. మరి 2015లో ఐర్లాండ్ ప్రజలు 62 శాతం ఓట్లతో స్వలింగ వివాహాన్ని తమ రాజ్యాంగంలోకి తెచ్చుకుంటే, రష్యా 2013లో స్వలింగ సంబంధాల ‘ప్రచారం’ మీద నిషేధం పెట్టి, 2023 నవంబరులో ‘అంతర్జాతీయ ఎల్జీబీటీ ఉద్యమం’ అనే, ఆఫీసూ సభ్యత్వమూ ఏమీ లేని ఒకదాన్ని సుప్రీంకోర్టు చేత తీవ్రవాద సంస్థగా ముద్ర వేయించింది.

ఇది చూసి, ప్రజాస్వామ్యం ఉంటే హక్కులు వస్తాయి, నియంత ఉంటే పోతాయి అని ఒక్క ముక్కలో తేల్చేయాలనిపిస్తుంది. కానీ పాత లెక్కలు తీస్తే ఆ మాట నిలబడదు.

నేరం కాదని ముందు చెప్పింది ఎవరు? 1791లో విప్లవ ఫ్రాన్స్ కొత్త శిక్షాస్మృతి రాసుకున్నప్పుడు ఈ నేరాన్ని అందులో చేర్చలేదు, అంతే, పెద్ద ప్రకటన కూడా ఏమీ లేదు. దాన్ని 1810లో అలాగే ఉంచినవాడు నెపోలియన్, చక్రవర్తి. బ్రెజిల్‌లో 1830లో, ఒట్టోమన్ సామ్రాజ్యంలో 1858లో ఈ చట్టం లేకుండా పోయింది, రెండు చోట్లా రాజరికమే. మరి పార్లమెంటుకి పుట్టిల్లని చెప్పుకునే బ్రిటన్? ఈ నేరానికి 1835 దాకా ఉరి తీసింది, 1861 దాకా మరణశిక్ష పుస్తకాల్లో ఉంచింది, 1885లో ఇంకో కొత్త సెక్షన్ చేర్చింది, ఓటు హక్కు విస్తరిస్తున్న కాలంలోనే. చాలదన్నట్టు భారత శిక్షాస్మృతిలోని 377 లాంటి సెక్షన్లను చాలా వలసలకి పంచిపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించిన అలన్ ట్యూరింగ్‌కి 1952లో శిక్ష వేసింది ఎన్నికైన ప్రభుత్వం ఉన్న దేశమే. ఇంగ్లండ్‌లో మార్పు 1967కి గానీ రాలేదు, ఉత్తర ఐర్లాండ్‌లో 1982కి గానీ రాలేదు.

ఇక రష్యాలో విప్లవం చేసిన బోల్షెవిక్‌లు జారు కాలపు చట్టాలన్నీ పారేస్తూ 1922లో దీన్నీ పారేశారు. కావాలని చేశారా, పాత సామానంతా పోతే అదీ పోయిందా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. ఏదైనా కానీ 1934కల్లా స్టాలిన్ అయిదేళ్ల జైలుతో దాన్ని వెనక్కి తెచ్చాడు. అడిగేవాళ్లు లేరు, అడగడానికి పత్రిక లేదు, కోర్టు లేదు. ఒక సంతకంతో వచ్చిన స్వేచ్ఛ ఇంకో సంతకంతో పోయింది.

జర్మనీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే అక్కడ భాష ఒకటే, పాత చట్టం ఒకటే, యుద్ధం తర్వాత ప్రభుత్వాలు మాత్రం రెండు రకాలు. మగవాళ్ల మధ్య శృంగారాన్ని నేరం చేసిన 175వ సెక్షన్ 1871 నాటిది. దాన్ని తీసేయాలని మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టరు ఏళ్ల తరబడి సంతకాలు సేకరించాడు, 1919లో బెర్లిన్‌లో లైంగిక శాస్త్ర సంస్థ పెట్టాడు, 1929లో పార్లమెంటు కమిటీ రద్దుకి ఓటు కూడా వేసింది. అది చట్టమయ్యే లోపే రాజకీయమంతా కుప్పకూలింది. 1933 మేలో నాజీలు ఆ సంస్థని దోచి పుస్తకాలు తగలబెట్టారు, 1935లో సెక్షన్‌ని ఇంకా బిగించారు, 5 వేల నుంచి 15 వేల మందిని కాన్సంట్రేషన్ క్యాంపులకి తోలారు, చాలామంది బట్టల మీద, గేలని గుర్తుపట్టడానికి, గులాబీ త్రికోణం.

యుద్ధం అయిపోయింది. ఇప్పుడు చూడండి. ప్రజాస్వామ్య పశ్చిమ జర్మనీ నాజీలు బిగించిన ఆ సెక్షన్‌ని అక్షరం మార్చకుండా 1969 దాకా ఉంచుకుంది. 1957లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా చెల్లుతుందనే చెప్పింది. దాదాపు 50 వేల మందికి శిక్షలు పడ్డాయి. క్యాంపు నుంచి బతికి బయటపడి, అదే సెక్షన్ కింద మళ్లీ దోషులైనవాళ్లున్నారు. కమ్యూనిస్టు తూర్పు జర్మనీ 1950లోనే నాజీల సవరణ వదిలేసింది, 1957 తర్వాత కేసులు పెట్టడం దాదాపు ఆపేసింది, 1968లో సెక్షనే తీసేసింది. సమ్మతి వయసులో మిగిలిన తేడాని కూడా 1988లో రద్దు చేసింది, పశ్చిమ జర్మనీ చట్టంలో అది 1994 దాకా ఉంది. కాగితం మీద చూస్తే నియంతృత్వమే గెలిచింది, ఇందులో సందేహం లేదు.

అయితే తూర్పు బెర్లిన్‌లో ఒక గే సంఘాన్ని రిజిస్టర్ చేయించడం కుదరదు. అందుకే ఎనభైల్లో వాళ్లు చర్చిల్లో కూడేవాళ్లు (దేవుణ్ణి నమ్మని రాజ్యంలో చర్చే దిక్కయింది!), ఆ సమావేశాల్లోనూ రహస్య పోలీసుల మనుషులు ఉండేవాళ్లు. 1985లో కొందరు లెస్బియన్ మహిళలు నాజీల రావెన్స్‌బ్రుక్ క్యాంపులో చనిపోయినవాళ్లకి నివాళి అర్పించడానికి బయల్దేరితే పోలీసులు దారిలోనే ఆపేశారు. శిక్షాస్మృతిలో వాళ్ల మీద ఏమీ లేదు. కానీ పదిమంది కలిసి, తామెవరో చెప్పుకుని, పూలు పెట్టడానికి వీల్లేదు.

పోలండ్‌ది మరీ చిత్రం. అక్కడ ఇది 1932 నుంచే నేరం కాదు. అయినా కమ్యూనిస్టు పోలీసులు 1985 నుంచి 1987 దాకా ‘హయసింత్’ అనే ఆపరేషన్ నడిపి దాదాపు 11 వేల మంది మీద ఫైళ్లు తయారు చేశారు. నేరం కాకపోతే ఫైలెందుకు? బెదిరించడానికి. ఇంట్లో చెప్తాం, ఆఫీసులో చెప్తాం, లేదా మాకు సమాచారం ఇవ్వు. నా మటుకు నాకు, ఏ దేశంలో ఏ సంవత్సరం సెక్షన్ పోయిందో చూపించే పటాలు సగమే నిజం చెప్తాయనిపించేది ఇలాంటివి చదివినప్పుడే.

ఐర్లాండ్ కథలో ఉన్నదీ, రష్యా కథలో లేనిదీ ఏమిటో ఇప్పుడు చూడొచ్చు. డేవిడ్ నోరిస్ అనే లెక్చరర్ 1977లో కేసు వేశాడు, 1980లో హైకోర్టులో ఓడిపోయాడు, 1983లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, 1988లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఆ మానవ హక్కుల కోర్టులో గెలిచాడు, ఆ తర్వాత కూడా చట్టం మారడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. విసుగొచ్చే ప్రయాణమే. కానీ ఆ పదహారేళ్లూ దేశం దీని గురించి మాట్లాడుతూనే ఉంది, తిడుతూ, నవ్వుతూ, చర్చిలో, టీవీలో. 2015 ఓటుకి ముందు కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టి అడిగారు. అధ్యక్షుడు యెల్ట్సిన్ కాలంలో రష్యాలోనూ పత్రికలు, చిన్న సంఘాలు పుట్టాయి, లేవని కాదు, అయితే చట్టం వాళ్ల బలంతో పోలేదు, యూరప్‌లో చేరాలన్న లెక్కతో పోయింది. ఆ లెక్క మారిన రోజున వాళ్లని కాపాడేవాళ్లు లేకుండా పోయారు.

క్యూబా విషయంలో రెండు వైపులవాళ్లూ తమకి కావాల్సింది ఏరుకుంటారు. 1965 నుంచి 1968 వరకు గేలను కూడా నిర్బంధ శ్రమ శిబిరాల్లో పెట్టారు. దానికి బాధ్యత తనదేనని ఫిడెల్ కాస్ట్రో 2010లో ఒక మెక్సికో పత్రికకి చెప్పాడు. ఆయన తమ్ముడి కూతురు మరియేలా కాస్ట్రో ప్రభుత్వ సంస్థ తరఫున ఈ హక్కుల కోసం పనిచేసింది. 2022 సెప్టెంబరులో దాదాపు 67 శాతం ఓట్లతో స్వలింగ వివాహం చట్టమైంది. ఇదంతా నిజమే, దాన్ని చిన్నబుచ్చాల్సిన పనిలేదు, పెళ్లి చేసుకున్న జంటకి అది నిజమైన పెళ్లే. మరి 2019 మేలో ఆ ప్రభుత్వ సంస్థ ఏటా జరిగే ఊరేగింపుని రద్దు చేస్తే, జనం సొంతంగా హవానా వీధుల్లోకి వచ్చారు. పోలీసులు అడ్డగించి కొందర్ని పట్టుకెళ్లారు. జెండా అదే, నినాదాలూ అవే, తేడా అల్లా ఎవరు పిలిస్తే వచ్చారన్నదే.

ప్రజాస్వామ్యానికున్న పెద్ద చిక్కు మెజారిటీ. తక్కువమంది ఉన్నవాళ్ల హక్కుని ఎక్కువమంది ఓటుకి పెడితే ఏమవుతుందో 2004 నవంబరులో అమెరికాలో తెలిసింది, ఒక్క రోజునే 11 రాష్ట్రాల ఓటర్లు స్వలింగ వివాహాన్ని నిషేధించారు. భారత సుప్రీంకోర్టు 2013లో 377ని నిలబెడుతూ వీళ్ల సంఖ్య అతి స్వల్పమన్న మాట కూడా తీర్పులో రాసింది, 2018లో అదే కోర్టు దాన్ని దిద్దుకుంది. 1987 దాకా మార్షల్ లా కింద ఉన్న తైవాన్‌లో 2017లో రాజ్యాంగ న్యాయస్థానం పెళ్లి హక్కు ఇవ్వాలంది, 2018 రిఫరెండంలో జనం కాదన్నారు, 2019 మేలో పార్లమెంటు కోర్టు మాటే విని చట్టం చేసింది. కాబట్టి ఓటు పెట్టె ఒక్కటే కాదు, ఓటుకి అడ్డం నిలబడగల కోర్టు, ఓడిపోయాక కూడా మళ్లీ మీటింగు పెట్టుకునే వీలు, ఈ రెండూ లేని ఎన్నికల వల్ల వీళ్లకి ఒరిగేది పెద్దగా లేదు.

ఆ రెండూ మెల్లమెల్లగా సన్నగిల్లితే ఎలా ఉంటుందో హంగరీ చూపిస్తుంది. కమ్యూనిస్టు ప్రభుత్వం 1961 శిక్షాస్మృతిలో నేరాన్ని తీసేసి, పోలీసుల దగ్గర పేర్ల జాబితాలు మాత్రం అలాగే ఉంచుకుంది. 1989 తర్వాత కోర్టు తీర్పు వల్ల 1996లో స్వలింగ జంటల సహజీవనానికి గుర్తింపు, 2009లో భాగస్వామ్య నమోదు వచ్చాయి. 2010 నుంచి వరసగా నాలుగు ఎన్నికలు గెలిచి ప్రధాని అయిన విక్టర్ ఓర్బాన్ మొదట పెళ్లంటే ఆడామగా అని కొత్త రాజ్యాంగంలో రాయించాడు, 2021లో పిల్లలకి కనిపించేలా ఈ విషయం చూపించకూడదన్నాడు, 2025 మార్చిలో ఎల్జీబీటీ వాళ్లు ఏటా చేసే ప్రైడ్ ఊరేగింపునే నిషేధించే చట్టం తెచ్చాడు, పాల్గొన్నవాళ్లని కెమెరాల్లో ముఖం చూసి గుర్తుపట్టే వీలుతో సహా. బుడాపెస్ట్ మేయర్ దాన్ని నగరపాలక సంస్థ కార్యక్రమంగా ప్రకటించేశాడు. జూన్ 28న లక్ష దాటి వచ్చారని నిర్వాహకులు చెప్పారు. పాల్గొన్నవాళ్ల మీద చర్య తీసుకోబోమని తర్వాత పోలీసులు ప్రకటించారు, మేయర్‌ని మాత్రం విచారణకి పిలిచారు.