కమింగ్స్ 14వ ఏటనే కర్వ్‌బాల్ వేశాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మా పిల్లల బేస్‌బాల్ జట్టు సాధనకు వచ్చే తల్లిదండ్రుల్లో, ముఖ్యంగా క్రికెట్ చూస్తూ పెరిగి అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో, ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు ఇదే మాట అడుగుతారు: "కాండీ కమింగ్స్ 14వ ఏటనే కర్వ్‌బాల్ కనిపెట్టాడట కదండీ, మావాడికి 10 నిండాయి, ఇంకా ఎందుకు నేర్పరు?" కమింగ్స్ 19వ శతాబ్దపు అమెరికన్ పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు; కర్వ్‌బాల్ అంటే గాలిలో వంపు తిరిగే బంతి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

1863లో తోటి పిల్లలతో ఆల్చిప్పలు విసురుతూ, అవి గాలిలో వంపు తిరగడం చూసినప్పుడు బంతినీ అలా తిప్పవచ్చునన్న ఆలోచన కలిగిందని కమింగ్సే తర్వాత రాసుకున్నాడు. ఆ ఏడు కలిగినది ఆలోచన మాత్రమే. ఆటలో అది ఫలించింది 1867లో, హార్వర్డ్ జట్టు మీద. పైగా అప్పటి నియమాల ప్రకారం పిచర్ 45 అడుగుల దూరం నుంచి, చెయ్యి నడుము కంటే పైకి లేవకుండా విసరాలి. నేటి పిల్లలు భుజం మీదుగా విసురుతారు కనుక, ఇంకా ఎదుగుతున్న మోచేతి ఎముక మీద పడే ఒత్తిడి వేరు. అంత జాగ్రత్తైన పద్ధతిలో విసిరినా, మణికట్టు విదిలింపుకు ఎముక పక్కకు జరిగి, ఒక సీజన్‌లో మిగిలిన ఆటలన్నీ రబ్బరు పట్టీతో ఆడవలసి వచ్చిందని చెప్పినవాడూ ఆయనే.

1876 సెప్టెంబరు 9న హార్ట్‌ఫర్డ్ జట్టు తరఫున ఒకే రోజు రెండు ఆటల్లో మొదటి నుంచి చివరి దాకా తానే బంతి విసిరి గెలిచాడన్నది నిజమే. ఆ మరుసటి ఏడు సిన్సినాటిలో ఆయన లీగ్ జీవితం ముగిసిందని, అప్పటికి వయసు 28 మాత్రమేనని ఆయనను పొగిడే వాట్సాప్ సందేశాలు చెప్పవు.

మా జట్టులో 11 ఏళ్ల అబ్బాయి ఒకడు ఇంట్లో వీడియోలు చూసి రహస్యంగా కర్వ్‌బాల్ సాధన చేశాడు. అన్నం ఎడమచేత్తో కలుపుకుంటున్నాడేమిటని తల్లి గమనించేదాకా నొప్పి సంగతి ఎవరికీ తెలియలేదు. తండ్రి నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయనను నిందించడానికి నాకు నోరు రాలేదు. నిజానికి కర్వ్‌బాల్ కంటే పెద్ద ముప్పు, అలసిన చేతితో విసురుతూనే ఉండడం. 11, 12 ఏళ్ల పిల్లలకు లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ సంస్థ రోజుకు 85 బంతుల పరిమితి పెట్టింది, 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి చేసింది.

ఇక బంతి వంగడం కంటికి కలిగే భ్రమ కాదు. తిరిగే బంతిని గాలి పక్కకు నెడుతుంది. కనిపెట్టినవాడు కమింగ్స్ ఒక్కడేనా అన్న వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు; ఫ్రెడ్ గోల్డ్‌స్మిత్ అనే మరో పిచర్‌కు ఆ ఘనత ఇచ్చేవారూ ఉన్నారు.

మీ అబ్బాయికి ముందు ఫాస్ట్‌బాల్ (వేగంగా విసిరే బంతి), చేంజప్ (అదే విసురుతో నెమ్మదిగా వచ్చే బంతి) కుదరనివ్వండి. 13 దాటాక కర్వ్‌బాల్ మాట నేనే ఎత్తుతాను.