ఫ్లాస్కులో ఎర్రగా ఉన్నదంతా రక్తం కాదు: మూలకణాల పెంపకంపై అపోహలు - వాస్తవాలు

మాది దేవరకొండ వైపు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్త మూలకణాలను, అంటే ఎముకల మూలుగలో ఉండి రక్తాన్ని తయారుచేసే కణాలను, పెంచడం నా పని. పండక్కి ఊరికి పోతే వినిపించే మాటలే ఇవి. కొన్నింటికి నవ్వొస్తుంది, ఒకదానికి మాత్రం భయమేస్తుంది.

అపోహ: "డబ్బాల రక్తం పెంచుతరట గద బిడ్డా, మా పిలగానికి అదే ఎక్కియ్యరాదు?"

తలసేమియా, అంటే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు, ఉన్న ఒక బాబు నాయనమ్మ అడిగింది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం కోసం బస్సెక్కే ఇంట్లో ఆ ఆశ పుట్టడం సహజం. కానీ మా ఫ్లాస్కుల్లో ఎర్రగా కనిపించేది రక్తం కాదు. కణాలకు మేతగా పోసే ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది. అది పసుపుకు తిరిగితే పులుపెక్కిందని, ద్రవం మార్చాలని మాకు తెలుస్తుంది.

మూలకణాల నుంచి ఎర్రకణాలు తయారుచేయడం మాత్రం అబద్ధం కాదు. 2022లో బ్రిటన్‌లో అలాంటివి మనుషులకు ఎక్కించి చూశారు. ఎంత? ఒకటి రెండు చెంచాలు. దవాఖానాలో ఎక్కించే ఒక్క ప్యాకెట్‌లో దాదాపు రెండు లక్షల కోట్ల ఎర్రకణాలుంటాయి. కాబట్టి రక్తదాన శిబిరాలకు పోవడం మానకండి.

అపోహ: "మంచి మేత ఏస్తే మూలకణాలు వాటంతటవే పెరుగుతయి"

పెరుగుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని పురిగొల్పే ప్రోటీన్లు, పోస్తే ఫ్లాస్కు నిండా కణాలే. లెక్క చూసి కొత్తగా చేరిన విద్యార్థులు సంబరపడతారు. అయితే వాటిలో చాలావరకు అప్పటికే తెల్లకణాలుగానో, ఇంకేవో కణాలుగానో మారే దారి పట్టి ఉంటాయి. విత్తనానికి దాచిన వడ్లు కూడా మిల్లు పట్టించినట్టు: బియ్యం బస్తాలు పెరిగాయి, మళ్లీ నారు పోయడానికి ఏమీ మిగల్లేదు.

మూలకణం మూలకణంగానే ఉండాలంటే పక్కన తోడు కణాలు కావాలి. వీటిని స్ట్రోమల్ కణాలంటారు. 1977లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మైకేల్ డెక్స్‌టర్ బృందం ఈ సంగతి బాగా చూపించింది. ఎలుక మూలుగలోని స్ట్రోమల్ కణాలను ముందు ఫ్లాస్కు అడుగున పొరలా పరుచుకోనిచ్చి, దాని మీద రక్త కణాలను వేస్తే, నెలల తరబడి కొత్త కణాలు పుడుతూనే ఉన్నాయి. ఆ పొర ప్రోటీన్లను వదులుతుంది, మూలకణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. మైక్రోస్కోప్‌లో పైన మెరుస్తూ తేలేవాటినే అందరూ ఫొటో తీస్తారు. అవి చాలావరకు పెద్దవైపోయిన కణాలు. నేను వెతికేది పొర కిందకి దూరి, నల్లగా గుంపుగా సర్దుకున్నవాటిని.

అవి నిజంగా మూలకణాలేనా అన్నది చూపుతో తేలదు. కణం పైన సీడీ34 అనే ప్రోటీన్ గుర్తున్నంత మాత్రాన కూడా కాదు. తోడు కణాల మీద కనీసం ఐదు వారాలు ఉంచి, తర్వాత చిక్కటి జెల్‌లోకి మార్చి, ఇంకో రెండు వారాల్లో కాలనీలు, అంటే కొత్త కణాల గుంపులు, వస్తాయో లేదో చూడాలి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు ఎక్కించి నెలల తర్వాత వాటి రక్తంలో మనిషి కణాలు ఉన్నాయో లేదో చూడాలి. ఓపిక లేనివాళ్లు ఈ ఫీల్డ్‌కు రాకపోవడమే మంచిది.

అపోహ: "ఎలుక కణాలు కలిపి మనుషులకు ఎక్కిస్తరట"

పరిశోధనలో వాడే ఎంఎస్-5, ఓపీ9 వంటి తోడు కణాలు ఎలుకవే. చాలా ప్రయోగాల్లో అవి ఇక విభజన చెందకుండా ముందే రేడియేషన్ ఇస్తాం. ఆ ఫ్లాస్కులు రోగుల దాకా పోవు. రోగుల కోసమైతే మనిషి కణాలే. 2012లో అమెరికాలో బొడ్డుతాడు రక్తాన్ని మనిషి తోడు కణాల మీద పెంచి 31 మందికి ఎక్కిస్తే, తెల్లకణాలు సగటున 15 రోజుల్లో కోలుకున్నాయి. అలా పెంచని రక్తం తీసుకున్నవాళ్లకు 24 రోజులు పట్టింది. ఇన్ఫెక్షన్ భయంతో గడిపే మార్పిడి వార్డులో తొమ్మిది రోజుల తేడా చిన్నది కాదు.

అపోహ: "స్టెమ్ సెల్ సూదితో మోకాళ్లు, షుగర్, ఆటిజం అన్నీ తగ్గుతయి"

నాకు భయమేసేది దీనికే. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయినవాళ్లు కూడా దీని గురించి అడుగుతున్నారు. ఫ్లోరోసిస్‌కు అలాంటి వైద్యం లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో మార్గదర్శకాలు ఇచ్చేనాటికి మన దేశంలో మూలకణాలతో ఆమోదం ఉన్న చికిత్స రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి ఒక్కటే. ఆమోదం లేనివి అనుమతి తీసుకున్న ట్రయల్స్‌గానే జరగాలి, ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే లేచి వచ్చేయండి.

అపోహ: "మూలుగ ఇస్తే నడుము పడిపోతది"

మూలుగ తీసేది వెన్నుపూస నుంచి కాదు, తుంటి ఎముక నుంచి, మత్తిచ్చి. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, కొన్ని వారాల్లో ఒంట్లో మళ్లీ తయారవుతుంది. ఇప్పుడు ఎక్కువగా నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, చేతి నరం నుంచి మెషీన్ ద్వారా కణాలు తీస్తున్నారు.

మూలుగ మార్పిడికి ఇచ్చేవాళ్ల హెచ్ఎల్ఏ (కణాల మీద ఉండే గుర్తులు) రోగితో కలవాలి; తోబుట్టువుది పూర్తిగా కలిసే అవకాశం ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు. తలసేమియా పిల్లలుంటే ఆ టెస్టు తొందరగా చేయించండి. కలిస్తే మార్పిడి ఖర్చు గురించి ఆగిపోకుండా తలసేమియా బాల సేవా యోజన గురించి డాక్టర్‌ను అడగండి. కోల్ ఇండియా నిధులతో నడిచే ఆ పథకం కింద అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు సాయం ఉంది.