పెద్దాసుపత్రి మీద పెత్తనం ఎవరిది?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజులు తిరక్కుండానే వారిలో నలుగురు చనిపోయారు. ఆ తర్వాత బదిలీ వేటు పడినవారిలో జిల్లా వైద్యాధికారితో పాటు జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి కూడా ఉన్నారు. ఒక ఆసుపత్రికి ఇద్దరు జిల్లా అధికారులేమిటి? ఇలాంటి ఆపరేషన్ల శిబిరాలు కుటుంబ సంక్షేమ విభాగం నడిపేవి. ఆసుపత్రి, దాని సూపరింటెండెంటు మధ్యస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులను చూసే వైద్య విధాన పరిషత్ అనే సంస్థ కిందకి వచ్చేవారు. ఈ రెండు పెత్తనాల వెనుక ముప్పై ఆరేళ్ల కథ ఉంది.

ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో ఒక చట్టం చేసి ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్‌ను ఏర్పాటు చేసింది. 1987 మార్చి నుంచి అది పనిలోకి దిగింది. బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల దగ్గర ఉండిపోగా, మధ్యలోని జిల్లా, తాలూకా స్థాయి ఆసుపత్రులు పరిషత్‌కు వచ్చాయి. ఆలోచన మంచిదే. ప్రసవం అడ్డం తిరిగినా, కాలు విరిగినా పల్లె మనిషి ముందు పరుగెత్తేది అక్కడికే. ఆ ఆసుపత్రులకు సచివాలయం ఫైళ్లతో పనిలేకుండా సొంతంగా నిర్ణయాలు తీసుకునే సంస్థ ఉండాలనుకున్నారు.

పేరుకు స్వయంప్రతిపత్తి వచ్చింది గానీ, డబ్బు సంచి మూతి ముడి సచివాలయం చేతిలోనే ఉండిపోయింది. జీతాలకు ఖజానాలో సొంత పద్దు ఉండేది కాదు, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే ఆధారం. గ్రాంటు ఆలస్యమైతే నర్సు జీతం ఆలస్యమయ్యేది. పక్క వీధిలోని ఆరోగ్య కేంద్రంలో అదే పని చేసే నర్సుకు మాత్రం ఒకటో తారీఖున జీతం పడేది. '010 పద్దు కింద జీతాలివ్వండి' అని, అంటే మిగతా ప్రభుత్వోద్యోగుల్లా నేరుగా ఖజానా నుంచే ఇవ్వమని, సిబ్బంది ఏళ్ల తరబడి అడిగిందీ, ధర్నాలు చేసిందీ ఇందుకే. ఈ గొడవను ఉద్యోగుల సొంత వ్యవహారంగా కొట్టిపారేయడం తప్పని నా నమ్మకం. తనకు రెండో తరగతి ఉద్యోగం దక్కిందనుకున్న స్పెషలిస్టు మొదటి అవకాశం రాగానే వెళ్లిపోతాడు. మత్తు డాక్టరు లేని రాత్రి ఆపరేషన్ థియేటర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నిండు గర్భిణిని అంబులెన్సు ఎక్కించి, చేతిలో రిఫరల్ చీటీ పెట్టి పంపించేస్తారు.

1994లో ప్రపంచ బ్యాంకు ఈ ఆసుపత్రుల కోసం 13 కోట్ల 30 లక్షల డాలర్ల రుణం మంజూరు చేసింది. కొత్త వార్డులు లేచాయి, పరికరాలు దిగాయి. పరిషత్‌కు అది మంచి కాలం. 2002లో ఆ పథకం ముగిసింది. భవనాలు మిగిలాయి, వాటిలో పని చేసే డాక్టర్లను నిలుపుకొనే దారి మాత్రం ఎవరూ వేయలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్ల డబ్బులో చాలా భాగం కార్పొరేట్ ఆసుపత్రుల వైపు ప్రవహించింది.

2014లో రాష్ట్రంతో పాటు పరిషత్ కూడా రెండైంది. తర్వాతి దెబ్బ ఊహించని వైపు నుంచి, వైద్య కళాశాలల రూపంలో వచ్చింది. కళాశాల పెట్టాలంటే బోధనాసుపత్రి కావాలి. ఉన్న జిల్లా ఆసుపత్రినే ఆ పేరుతో మార్చేశారు. మహబూబ్‌నగర్, సిద్దిపేట, నల్లగొండ, సూర్యాపేటల్లో అదే జరిగింది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లోనూ అంతే. ఆ ఊళ్లకు ప్రొఫెసర్లు వచ్చారు, మేలే జరిగింది. పరిషత్ చేతిలో మాత్రం ఎక్కువగా ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలే మిగిలాయి. స్పెషలిస్టుల కొరత అన్నిటికంటే ఎక్కువగా వేధించేది వాటినే.

2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పరిషత్‌ను రద్దు చేసి ప్రభుత్వ శాఖగా మార్చాలని నిర్ణయించింది. పధ్నాలుగు వేల మందికి పైగా ఉద్యోగులకు ఖజానా జీతం దారి తెరుచుకుంది. న్యాయమైన నిర్ణయం, ఆలస్యంగా వచ్చింది. అయితే ఆరోగ్య కేంద్రం ఒకరి కింద, ఏరియా ఆసుపత్రి ఇంకొకరి కింద, బోధనాసుపత్రి మరొకరి కింద ఉండే పద్ధతి అలాగే ఉంది. అర్ధరాత్రి రిఫరల్ చీటీతో బయల్దేరిన గర్భిణి ఈ ముగ్గురి గడపలూ దాటుకుంటూ వెళ్లాల్సిందే. పక్క ఆసుపత్రిలో మత్తు డాక్టరు డ్యూటీలో ఉన్నాడో లేడో ఆమెను పంపే ముందు ఫోన్ చేసి కనుక్కోవాల్సిన బాధ్యత ఎవరిదో ఇప్పటికైనా రాతపూర్వకంగా తేల్చాలి.