ఆ 121 ఓటములు ఒక్క ఏడాదివి కావు

2024 సెప్టెంబర్ 27, శుక్రవారం రాత్రి. డెట్రాయిట్‌లోని కొమెరికా పార్క్‌లో ఆఖరి ఔట్ పడగానే స్టేడియం ఊగిపోయింది. పదేళ్ల తర్వాత తమ టైగర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నారని అక్కడివాళ్ల సంబరం. ఎదుటి డగౌట్‌లో కూర్చుని అదంతా చూస్తున్నది షికాగో వైట్ సాక్స్ జట్టు. 4-1తో ఓడారు. ఆ సీజన్‌లో వాళ్లకది 121వ ఓటమి. 1900 నుంచి చూస్తే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇంకొకటి లేదు.

క్రికెట్‌కి అలవాటుపడిన మనకు ఈ అంకె తీవ్రత వెంటనే తట్టదు. బేస్‌బాల్ సీజన్ అంటే ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. దాదాపు రోజూ ఆటే. అన్ని మ్యాచ్‌లు ఆడితే ఎంత బలహీనమైన జట్టయినా ఓ అరవై గెలుస్తుంది. వంద ఓడితేనే పరువు పోయినట్టు లెక్క. వైట్ సాక్స్ గెలిచినవి 41. కొట్టిన పరుగులు 507, ఇచ్చినవి 813.

చరిత్రలో ఇలా చిత్తుగా ఓడిన జట్లు లేకపోలేదు. కానీ వాటికో సాకు ఉంది. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 20 గెలిచి 134 ఓడింది. దాని యజమానులకే సెయింట్ లూయిస్ జట్టు కూడా ఉండేది. సై యంగ్‌తో సహా మంచి ఆటగాళ్లందరినీ అటు పంపేసి, క్లీవ్‌లాండ్‌ని ఎండగట్టారు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడింది. అది ఆ ఏడాదే పుట్టిన జట్టు, మిగతావాళ్లు వదులుకున్న ఆటగాళ్లతో కూర్చింది. పసిబిడ్డ పడిపోతే ఎవరూ తిట్టరు కదా, న్యూయార్క్ జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఏడేళ్లకే, 1969లో అదే మెట్స్ చాంపియన్.

వైట్ సాక్స్ సంగతి అలా కాదు. 1901 నుంచి ఉన్న జట్టు. అమెరికాలోని పెద్ద నగరాల్లో ఒకటి దాని ఊరు. అన్నిటికీ మించి, కేవలం మూడేళ్ల ముందు, 2021లో, 93 మ్యాచ్‌లు గెలిచి తమ డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల గుంపుల్లో ఒకటి) మొదటి స్థానంలో నిలిచింది. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా జారింది? కర్ణుడి చావుకు కారణాలు అనేకం అన్నట్టు చాలానే చెప్పుకోవచ్చు. ఏ దారం పట్టుకుని లాగినా చివరికి ఓనర్ గది దగ్గరే తేలుతుంది.

ఆ ఓనర్ పేరు జెర్రీ రైన్స్‌డార్ఫ్. 1981లో భాగస్వాములతో కలిసి జట్టును కొన్నాడు. మైకేల్ జోర్డాన్ ఆడిన షికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు కూడా ఆయన చేతిలోదే. అయినా షికాగోలో ఆయన పేరెత్తితే ముందు గుర్తొచ్చేది 1988 జూన్ 30 రాత్రి. కొత్త స్టేడియానికి ప్రభుత్వం డబ్బులివ్వకపోతే జట్టును ఫ్లోరిడాకి తీసుకుపోతానన్నాడు. అక్కడ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వీళ్ల కోసం స్టేడియం అప్పటికే లేస్తోంది. షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్ర శాసనసభకు అర్ధరాత్రి గడువు. అది దాటితే బిల్లు నెగ్గడానికి ఇంకా ఎక్కువ ఓట్లు కావాలి. సభలో గడియారాన్ని ఆపేసి మరీ బిల్లు పాస్ చేయించారు. 1991లో కొత్త స్టేడియం తయారైంది. జట్టు ఊళ్లోనే ఉంది కానీ, ఓనర్ మీద నమ్మకం ఆ రాత్రే పోయిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1997లో ఇంకో దెబ్బ. జులై చివరికి వైట్ సాక్స్ తమ డివిజన్‌లో మొదటి స్థానానికి మూడున్నర మ్యాచ్‌ల దూరంలోనే ఉంది. రెండు నెలల ఆట మిగిలి ఉంది. అలాంటప్పుడు ముగ్గురు ముఖ్యమైన పిచర్లను (మన బౌలర్లలా బంతి విసిరేవాళ్లు) శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేసి ఆరుగురు కుర్రాళ్లను తెచ్చుకున్నారు. ఫ్యాన్స్ దానికి 'తెల్లజెండా ట్రేడ్' అని పేరు పెట్టారు. నిజాయితీగా చెప్పాలంటే అది అంత చెడ్డ బేరం కాదు. ఆ కుర్రాళ్లలో ఇద్దరు 2000లో జట్టు డివిజన్ గెలవడానికి పనికొచ్చారు. కానీ గెలిచే అవకాశం ఉండగానే చేతులెత్తేశారన్న మచ్చ మాత్రం చెరగలేదు.

2005లో అంతా మర్చిపోయేంత పని జరిగింది. ఆజీ గియెన్ మేనేజర్‌గా (బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే మన భాషలో హెడ్ కోచ్) హ్యూస్టన్‌ను 4-0తో ఊడ్చేసి, 88 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచారు. ఆ సిరీస్ మొదటి మ్యాచ్ చూడ్డానికి వచ్చిన జనంలో రాబర్ట్ ప్రివోస్ట్ అనే మతగురువు ఒకరు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయనే పోప్ లియో 14 అయ్యారు.

2016 నవంబర్‌లో అదే నగరానికి ఉత్తరాన ఉండే కబ్స్ జట్టు 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. అసలు మలుపు అక్కడే. కబ్స్ నడిచిన దారి అందరికీ తెలిసిందే: ఉన్న స్టార్లను అమ్మేసి, కొన్నేళ్లు హాయిగా ఓడి, కుర్రాళ్లను పోగేసి, వాళ్లు ఎదిగాక పెద్ద జీతాలతో నాలుగు పెద్ద పేర్లు తెచ్చి కప్పు కొట్టడం. హ్యూస్టన్ కూడా అదే చేసి మరుసటి ఏడాది చాంపియన్ అయింది. దీనికి రీబిల్డ్ అని గౌరవంగా ఒక పేరు.

వైట్ సాక్స్ కూడా అదే పట్టాలెక్కింది. నెల దాటగానే క్రిస్ సేల్ అనే మేటి పిచర్‌ని బోస్టన్‌కి ఇచ్చేశారు. (పాతకాలపు డిజైన్ జెర్సీ వేసుకోవడం ఇష్టంలేక డ్రెస్సింగ్ రూమ్‌లో జెర్సీలన్నీ కత్తిరించి పారేసిన ఘనుడు ఈయనే.) బదులుగా యోవాన్ మోంకాడా, మైకేల్ కోపెక్ వచ్చారు. తర్వాత కబ్స్‌తో బేరంలో ఎలాయ్ హిమెనెజ్, డిలన్ సీస్. క్యూబా నుంచి లూయిస్ రాబర్ట్. 2018లో వంద మ్యాచ్‌లు ఓడినా ఫ్యాన్స్ కిక్కురుమనలేదు. పంట చేతికొస్తుందని ఓపిక పట్టారు.

పంట వచ్చింది. కానీ ఎరువు వేయాల్సిన సమయంలో ఓనర్ చేయి జేబులోకి వెళ్లలేదు. 2019 ఆరంభంలో మానీ మచాడో అనే స్టార్ ఖాళీగా ఉన్నాడు. అతన్ని రప్పించడానికి వైట్ సాక్స్ ఏం చేసిందో వింటే నవ్వొస్తుంది. ముందు అతని బావమరిది యాండర్ అలోన్సోని జట్టులోకి తెచ్చారు. తర్వాత అతని స్నేహితుడు జాన్ జేని తెచ్చారు. పెళ్లికొడుకు కోసం చుట్టాలందరినీ విడిదింట్లో దింపినట్టు. తీరా మచాడో శాన్‌డియెగో ఇచ్చిన పదేళ్ల, 30 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. చుట్టాలు మాత్రం షికాగోలో మిగిలిపోయారు. వైట్ సాక్స్ చరిత్రలో అతి పెద్ద ఒప్పందం 2022 చివర్లో ఆండ్రూ బెనింటెండికి ఇచ్చిన ఏడున్నర కోట్ల డాలర్లే.

రెండో తప్పు మనసుకు సంబంధించింది. 2020లో కుర్రాళ్లు ప్లేఆఫ్స్‌కి చేరగానే మేనేజర్‌ని పంపేసి, రైన్స్‌డార్ఫ్ టోనీ లరూసాని తెచ్చాడు. ఆయన మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన మహానుభావుడే. కాకపోతే వయసు 76, చివరిసారి జట్టును నడిపింది 2011లో. 1986లో ఇదే జట్టు నుంచి ఆయన్ని తీసేయనివ్వడం తన జీవితంలో పెద్ద తప్పని రైన్స్‌డార్ఫ్ ఏళ్ల తరబడి బాధపడుతుండేవాడు. ఆ బాధ తీర్చుకోవడానికి కుర్రాళ్ల జట్టును వాడుకున్నాడనే నాకనిపిస్తుంది.

2021లో గెలిచారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. 2022 జూన్ 9న ఏం జరిగిందో చూడండి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో మ్యాచ్, బ్యాటింగ్‌లో ట్రే టర్నర్. మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ ఔట్, నాలుగు బాల్స్ పక్కకు పడితే ఫ్రీగా ఫస్ట్ బేస్. టర్నర్ మీద అప్పటికే రెండు స్ట్రైక్‌లు పడ్డాయి, ఒక్కటి పడితే చాలు. అలాంటి చోట లరూసా అతన్ని కావాలని ఫ్రీగా బేస్‌కి పంపించమన్నాడు. చేతికి దొరికినవాణ్ని వదిలేసి తర్వాతి బ్యాటర్‌తో పోరాడదామని. ఆ తర్వాతి బ్యాటర్ మాక్స్ మన్సీ మూడు పరుగుల హోమ్ రన్ బాదాడు. సొంత గ్రౌండ్‌లోనే జనం 'టోనీని పీకెయ్' అని అరిచారు. ఆగస్టు చివర్లో ఆరోగ్యం బాగాలేక ఆయనే తప్పుకున్నాడు. జట్టు 81 గెలిచి, 81 ఓడింది.

తర్వాతంతా జారుడుబండ. కొత్త మేనేజర్ పెడ్రో గ్రిఫోల్ కింద 2023లో 101 ఓటములు. ఆగస్టులో, ఏళ్లుగా ఆఫీసు నుంచి జట్టును నడిపిన కెన్ విలియమ్స్, రిక్ హాన్ ఇద్దరినీ ఒకేరోజు తీసేశారు. బయట నుంచి కొత్త బుర్రని తెస్తారనుకుంటే, లోపలే ఉన్న క్రిస్ గెట్జ్‌కి వారం పది రోజుల్లో కుర్చీ ఇచ్చేశారు. ఆయన మళ్లీ రీబిల్డ్ అన్నాడు. సీజన్‌కి రెండు వారాల ముందు డిలన్ సీస్‌ని శాన్‌డియెగోకి పంపేశాడు. జులైలో సీస్ అక్కడ ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు.

2024 మొదటి 25 మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడు. మోంకాడా ఏడాది మొత్తంలో ఆడింది 12 మ్యాచ్‌లే. రాబర్ట్ ఏప్రిల్‌లోనే గాయంతో రెండు నెలలు పోయాడు. అదృష్టం కూడా మొహం చాటేసింది. మే 23న బాల్టిమోర్‌తో చివరి ఇన్నింగ్స్‌లో 8-6 దాకా దగ్గరకొచ్చారు, బేస్‌ల మీద ఇద్దరున్నారు. బెనింటెండి కొట్టిన బాల్ నిట్టనిలువుగా గాల్లోకి లేచింది. రూల్ ప్రకారం అతను ఔట్, సరే. కానీ బేస్ వైపు వెనక్కి వస్తున్న తోటి ఆటగాడు ఆండ్రూ వాన్ ఫీల్డర్‌కి అడ్డొచ్చాడని అంపైర్ అతన్నీ ఔట్ ఇచ్చాడు. ఫీల్డర్ ఆ క్యాచ్ తేలిగ్గానే పట్టాడు, అయినా మ్యాచ్ అక్కడితో ముగిసింది. అప్పటికే మొదలైన వరుస ఓటములు 14 దాకా పోయాయి. జులై, ఆగస్టుల్లో అయితే వరుసగా 21. అది తెగిన రెండో రోజే గ్రిఫోల్ ఉద్యోగం పోయింది.

సెప్టెంబర్ 22న శాన్‌డియెగోలో, మచాడో, సీస్ ఉన్న జట్టు చేతిలోనే 120వ ఓటమి. రికార్డు ఓటమి సొంతూళ్లోనే చూద్దామని వచ్చిన షికాగో ఫ్యాన్స్‌కి విచిత్రంగా మూడు వరుస విజయాలు దొరికాయి. గెలుస్తుంటే కూడా జనం అరిచిన మాట 'టీమ్‌ని అమ్మెయ్'. ఆ స్టేడియం అప్పట్లో ఓ హోమ్ లోన్ కంపెనీ పేరు మీద ఉండేది. వాళ్ల లోగో కిందికి చూపించే బాణం గుర్తు. ఇంతకంటే ఎవరైనా ఏం రాయగలరు?

ఇంకో ముల్లు మిగిలింది. ఐపీఎల్‌లో 2008లో అట్టడుగున ఉన్న మన డెక్కన్ చార్జర్స్ మరుసటేడే కప్పు కొట్టింది. బేస్‌బాల్‌లో అలా కుదరదు, కుర్రాళ్లు తయారవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకి కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో ముందు ఎంచుకునే అవకాశం ఇచ్చేవాళ్లు. జట్లు కావాలని ఓడుతున్నాయని ఆ పద్ధతిని లాటరీగా మార్చారు. డబ్బున్న పెద్ద నగరాల జట్లకు వరుసగా రెండేళ్లు లాటరీలో చోటు లేదన్నారు. వైట్ సాక్స్ 2024లోనే తన వంతు వాడేసుకుంది. దాంతో 121 ఓడినా 2025 డ్రాఫ్ట్‌లో దక్కింది పదో స్థానం. ఆ ఏడాది కొత్త మేనేజర్ విల్ వెనబుల్ కింద 60 గెలిచి 102 ఓడారు.

'టీమ్‌ని అమ్మెయ్' అన్న అరుపుకి 2025 జూన్‌లో ఒక రకమైన జవాబొచ్చింది. జస్టిన్ ఇష్బియా అనే పెట్టుబడిదారుతో రైన్స్‌డార్ఫ్ ఒప్పందం చేసుకున్నాడు. 2029 నుంచి 2033 మధ్య ఎప్పుడైనా రైన్స్‌డార్ఫ్ తన పట్టు అమ్ముకోవచ్చు. అమ్మకపోతే, 2034 సీజన్ అయ్యాక కొనుక్కునే హక్కు ఇష్బియాది. 2029 నాటికి రైన్స్‌డార్ఫ్‌కి 93 ఏళ్లు వస్తాయి.