అపోహలు - వాస్తవాలు: బీటిల్స్ తొలి బేసిస్టు స్టూవర్ట్ సట్‌క్లిఫ్

పేరుమోసిన సంగీత బృందాల తొలి బేసిస్టుల (మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించేవారి) గురించి ప్రచారంలో ఉన్న కథల్లో చాలా భాగం బేస్ గిటార్ బృందంలో ఏ పని చేస్తుందో తెలియకపోవడం వల్ల పుట్టినవే. బేస్ వాయిస్తూ, నేర్పుతూ ఉండే నాకు ఇలాంటి కథలు ఎక్కువగా వినిపించేది స్టూవర్ట్ సట్‌క్లిఫ్ విషయంలో. 1940 జూన్ 23న ఎడిన్‌బరోలో పుట్టి, 1962 ఏప్రిల్ 10న హాంబర్గ్‌లో 21 ఏళ్ల వయసులోనే కన్నుమూసిన ఈ యువకుడిని లోకం బీటిల్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం గీటురాయి మీదే కొలుస్తోంది. అతను మాత్రం తనను తాను చిత్రకారుడిగానే చూసుకున్నాడు.

అపోహ: అతనికి వాయించడమే రాదు, ప్రేక్షకులకు వీపు తిప్పి నిలబడి నెట్టుకొచ్చాడు.

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇంతకాలం నిలిచింది. లివర్‌పూల్ ఆర్ట్ కాలేజీలో, ఆ బృందాన్ని నడిపిన జాన్ లెనన్‌తో స్నేహం కుదిరాక, వాకర్ ఆర్ట్ గ్యాలరీలో జరిగిన జాన్ మూర్స్ ప్రదర్శనకు ఎంపికైన తన చిత్రం అమ్ముడుపోగా వచ్చిన డబ్బు ఊతంతో, లెనన్ ప్రోద్బలం మీద, అతను 1960 ఆరంభంలో హాఫ్నర్ ప్రెసిడెంట్ బేస్ గిటార్ కొని బృందంలో చేరాడు. అంతకుముందు అతనికి బేస్‌లో అనుభవం లేదు. బృందంలో మిగతా గిటారిస్టుల కంటే అతని వాయిద్యం బలహీనంగా ఉండేదనడంలో సందేహం లేదు. వారిలో ఒకడైన పాల్ మెకార్ట్నీ ఆ విషయంలో అసహనం దాచుకోలేదు కూడా.

కానీ 1960 ఆగస్టు 17న హాంబర్గ్‌లోని ఇంద్రా క్లబ్‌లో మొదలైన పని ఎలాంటిదో చూడండి. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, వారాంతాల్లో ఆరు గంటలు వాయించాలి. బేస్ తంతులు లావుగా, బిగువుగా ఉంటాయి. కొత్తగా పట్టినవారికి అరగంటలోనే వేలి కొసలు మండిపోతాయి, బొబ్బలు కాయలు కట్టడానికి వారాలు పడుతుంది. వాయించడం రానివాడు రాత్రి తర్వాత రాత్రి ఆ వేదిక మీద నిలబడగలడని ఈ పనిలో ఉన్నవారెవరూ నమ్మరు. పైగా నాటి రాక్ అండ్ రోల్ పాటల్లో ఎక్కువ భాగం మూడు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుచ్ఛాల) మీదే నడిచేవి. కార్డు మారిన క్షణంలో దాని మూలస్వరాన్ని మందంగా, డ్రమ్మర్ కుడికాలు తొక్కే కిక్ డ్రమ్ దెబ్బతో కలిపి మోగించడమే బేసిస్టు ప్రధాన విధి. మూడు గిటార్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నప్పుడు పాట చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఆ ఒక్క స్వరమే. అప్పట్లో ఆ క్లబ్బుల్లో వారిని విని, తరవాత తానే పేరున్న బేసిస్టు అయిన క్లౌస్ ఫోర్‌మన్, సట్‌క్లిఫ్ మంచి రాక్ అండ్ రోల్ బేసిస్టు అనే చెప్పాడు. చెవి ఉన్నవాడి మాట అది.

ఇక వీపు తిప్పడం అంటారా, డ్రమ్మర్ కాలు కనిపించేలా పక్కకో వెనక్కో తిరగడం చాలామంది బేసిస్టులకు ఉన్న అలవాటే. దాన్ని అసమర్థతకు సాక్ష్యంగా చూపడం వేదిక కింద కూర్చున్నవారి తీర్పు.

అపోహ: బృందం అతన్ని వెళ్లగొట్టింది.

1960 చివర్లో మిగతావారు లివర్‌పూల్‌కు తిరిగి వెళ్లినప్పుడు అతను ఫొటోగ్రాఫర్ ఆస్ట్రిడ్ కిర్షర్ దగ్గర హాంబర్గ్‌లోనే ఉండిపోయాడు. అతను లేని ఆ డిసెంబరులో కొన్ని ప్రదర్శనలకు చాస్ న్యూబీ బేస్ వాయించాడు. అందుకే తొలి బేసిస్టు ఎవరన్న ప్రశ్నకు సమాధానం సట్‌క్లిఫ్ అయినా, తరవాత బేస్ చేపట్టిన మెకార్ట్నీ కంటే ముందు ఉన్నది అతనొక్కడే కాదు. 1961లో సట్‌క్లిఫ్ హాంబర్గ్ ఆర్ట్ కాలేజీలో చేరి, శిల్పి ఎడ్వార్డో పావొలోట్సీ దగ్గర చదువుకుంటూ బృందాన్ని విడిచాడు. మనసు విరిగి తెగదెంపులు చేసుకున్నవాడు తన వాయిద్యాన్ని అప్పిచ్చి వెళ్లడు. ఎడమచేతివాటం గల మెకార్ట్నీ, సొంతంగా వయోలిన్ ఆకారపు హాఫ్నర్ కొనుక్కునేవరకు, సట్‌క్లిఫ్ ఇచ్చిన గిటార్‌ను తంతులు మార్చకుండా తలకిందులుగా పట్టుకుని వాయించాడు. తంతుల వరుస తిరగబడితే అలవాటైన పాట కూడా వేళ్లకు అందదు కాబట్టి, అది మెకార్ట్నీ సత్తా అని కూడా చెప్పుకోవాలి.

అపోహ: నిష్క్రమించి కోట్లు పోగొట్టుకున్నాడు.

బీటిల్స్ తొలి సింగిల్ బ్రిటన్‌లో విడుదలైంది 1962 అక్టోబరు 5న. అప్పటికి సట్‌క్లిఫ్ చనిపోయి దాదాపు ఆరు నెలలు. అతను వదులుకున్నది ఒక క్లబ్ బృందంలోని చోటు మాత్రమే; ఆ నాటికి అందులో ఏ కోట్లూ లేవు.

అపోహ: గొడవలో తగిలిన దెబ్బే అతని ప్రాణం తీసింది.

మరణానికి కారణం మెదడులో రక్తస్రావం. అంతకుముందు నెలల్లో తీవ్రమైన తలనొప్పులతో బాధపడ్డాడు, తరగతిలో కుప్పకూలాడు, చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తుండగా అంబులెన్స్‌లోనే కన్నుమూశాడు. పాత గొడవకూ ఈ రక్తస్రావానికీ సంబంధం ఉందన్నది ఊహే తప్ప నిరూపణ కాలేదు.

అపోహ: తొలి రికార్డుల్లో వినిపించేది అతని బేసే.

1961 జూన్‌లో గాయకుడు టోనీ షెరిడన్‌తో కలిసి హాంబర్గ్‌లో చేసిన రికార్డింగుల్లో బేస్ వాయించింది మెకార్ట్నీ. హాంబర్గ్‌లోని స్టార్ క్లబ్‌లో బృందం ప్రదర్శనల టేపులు 1962 డిసెంబరు నాటివి, అంటే సట్‌క్లిఫ్ మరణం తరవాతవి. అతను వాయించగా అధికారికంగా వెలువడినవి 1960 నాటి ఇంటి రిహార్సళ్ల నుంచి తీసిన మూడు ముక్కలు. అవి 1995లో వచ్చిన ఆంథాలజీ అనే బీటిల్స్ పాత రికార్డింగుల సంకలనం తొలి భాగంలో ఉన్నాయి. వాటిని మంచి హెడ్‌ఫోన్లతో వినండి. బేస్‌లో అన్నిటికంటే లావైన తంతి దాదాపు 41 హెర్ట్జ్ (సెకనుకు 41 కంపనాలు) దగ్గర మోగుతుంది, అప్పటి ఇంటి టేప్ రికార్డర్లు అంత కింది శబ్దాన్ని సరిగ్గా పట్టలేవు. డ్రమ్మర్ కూడా లేని ఆ గదిలో అలా మూలస్వరాల వెంట నడుస్తున్నది, బేస్ పట్టి కొన్ని నెలలే అయిన ఒక చిత్రలేఖన విద్యార్థి.