బిల్ వెక్: స్టాండ్స్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నేను చేసే పని ఏంటో చెబితే మా బంధువుల్లో సగం మందికి అర్థం కాదు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న లీగ్ బేస్‌బాల్ టీమ్‌కి గ్రౌండ్‌లో ప్రమోషన్లు చూసుకుంటాను. ఇన్నింగ్స్ మధ్యలో పిల్లలకి పరుగు పందెం పెట్టడం, స్టాండ్స్‌లోకి టీషర్టులు విసరడం, శుక్రవారం మ్యాచ్ అయ్యాక బాణసంచా, తలాడించే బొమ్మల పంపిణీ, ఇవన్నీ మా ఖాతాలోవే. పదకొండేళ్లుగా ఇదే పని. ఈ ఫీల్డ్‌లో ఎవరితో మాట్లాడినా రెండు నిమిషాల్లో ఒక పేరు వచ్చి తీరుతుంది: బిల్ వెక్. క్లీవ్‌లాండ్, సెయింట్ లూయిస్, చికాగో టీమ్‌లకి ఓనర్‌గా ఉండి, జనాన్ని గ్రౌండ్‌కి రప్పించడానికి ఎవరూ ఊహించని పనులు చేసిన మనిషి. 1914లో పుట్టి 1986లో పోయాడు. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాలామంది ‘వీక్’ అంటారు, పలకాల్సింది ‘వెక్’ అని.

మా గ్రౌండ్‌కి వచ్చే పెద్దవాళ్లలో ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మూడో బేస్ వైపు కూర్చుని, వాన పడి ఆట ఆగితే చాలు, ఆయన కబుర్లు మొదలుపెడతారు. వినడానికి నాకు ప్రాణం. కాకపోతే యాభై ఏళ్ల జ్ఞాపకం కదా, నిజం పక్కనే ఊహ కూడా వచ్చి కూర్చుంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లు ఆ ఊహనే పాఠం అనుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: వెక్ ఒక సర్కస్ కంపెనీ ఓనర్ లాంటివాడు, ఆట సంగతి ఆయనకి తెలియదు.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. వెక్ తండ్రి చికాగో కబ్స్ టీమ్‌కి ప్రెసిడెంట్, కుర్రాడు ఆ గ్రౌండ్‌లో పాప్‌కార్న్ అమ్ముతూ పెరిగాడు. కబ్స్ గ్రౌండ్ రిగ్లీ ఫీల్డ్ గోడల మీద ఇవాళ టీవీలో పచ్చగా కనిపించే తీగ 1937లో ఆయన దగ్గరుండి నాటించిందే. 1946లో క్లీవ్‌లాండ్ టీమ్ కొన్నాడు, రెండేళ్లకి 1948లో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద టైటిల్, గెలిపించాడు. ఆ ఏడాది ఆ గ్రౌండ్‌కి వచ్చినవాళ్లు 26 లక్షల పైచిలుకు, అప్పటికి అది రికార్డు. 1959లో చికాగో వైట్ సాక్స్‌ని కొంటే అదే ఏడు ఆ టీమ్ లీగ్ టైటిల్ గెలిచింది, అంతకుముందు గెలిచింది 1919లో. ఆట తెలియకపోతే ఇవన్నీ వాటంతట అవే జరిగిపోవు.

ఇంకో మాట, ఇది కబుర్లలో ఎప్పుడూ వెనకబడిపోతుంది. 1947 జూలైలో లారీ డోబీని తీసుకొచ్చి అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడిగా ఆడించింది వెక్కే. రెండో పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అడుగుపెట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. డోబీ కాంట్రాక్ట్ కోసం అతని పాత టీమ్ న్యూఆర్క్ ఈగిల్స్‌కి డబ్బు కట్టి మరీ తెచ్చుకున్నాడు, రాబిన్సన్ పాత నీగ్రో లీగ్ (నల్లజాతి ఆటగాళ్లకి విడిగా నడిచిన లీగ్) టీమ్‌కి ఆ మర్యాద దక్కలేదు. మరుసటి ఏడు శాచెల్ పేజ్ అనే పిచర్‌ని (బంతి వేసేవాడిని) తీసుకున్నప్పుడు, 42 ఏళ్ల మనిషితో ఇదీ ఒక పబ్లిసిటీ ఆటే అని వెక్కిరించారు. పేజ్ ఆ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడాడు.

అపోహ: ఎడ్డీ గేడెల్ సంగతి కేవలం ఒక జోక్.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 1951 ఆగస్టు 19, ఆదివారం, సెయింట్ లూయిస్. వెక్ కొత్తగా కొన్న బ్రౌన్స్ టీమ్ అప్పుడు అట్టడుగున ఉంది. ఆ రోజు రెండు మ్యాచ్‌లు. మధ్యలో గ్రౌండ్‌లోకి ఒక పెద్ద కేక్ తెచ్చారు, అందులోంచి 3 అడుగుల 7 అంగుళాల ఎడ్డీ గేడెల్ బయటికొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు, అయిపోయిందనుకున్నారు. రెండో మ్యాచ్ మొదలయ్యాక అదే గేడెల్ బ్యాట్ పట్టుకుని క్రీజ్‌లోకి నడిచొచ్చాడు, వీపు మీద నంబర్ 1/8. అంపైర్ ఆపితే మేనేజర్ జాక్ టేలర్ జేబులోంచి కాంట్రాక్ట్ తీసి చూపించాడు. కాగితాలు పక్కాగా ఉన్నాయి. లీగ్ ఆఫీసు వాళ్లు సోమవారం దాకా చూడరని లెక్క వేసుకుని శుక్రవారం సాయంత్రం పంపించాడు వెక్.

క్రికెట్ చూసేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. బేస్‌బాల్‌లో బంతి బ్యాటర్ చంకకీ మోకాలికీ మధ్యలోంచి పోతేనే అప్పట్లో స్ట్రైక్. అలా కాకుండా నాలుగు బంతులు పోయి, బ్యాటర్ వాటికి బ్యాట్ ఊపకపోతే ఫస్ట్ బేస్, అంటే పరుగు దారిలో మొదటి మజిలీ, ఊరికే దక్కుతుంది. గేడెల్ వంగి నిలబడితే ఆ సందు అంగుళంన్నర అని వెక్ చెప్పుకున్న లెక్క. పిచర్ బాబ్ కేన్ నవ్వుకుంటూ వేశాడు, క్యాచర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు, నాలుగూ పైనుంచే పోయాయి. గేడెల్ ఫస్ట్ బేస్‌కి వెళ్తూ దారిలో ఆగి జనానికి దణ్ణం పెట్టాడు. బేస్ చేరాక అతని బదులు పరిగెత్తడానికి జిమ్ డెల్సింగ్ వచ్చాడు. మర్నాడే లీగ్ ప్రెసిడెంట్ అతన్ని ఆడకుండా నిషేధించాడు.

మా పెద్దలు కథ ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపలేను. గేడెల్‌కి ఆ రోజు ముట్టింది 100 డాలర్లు. పదేళ్ల తర్వాత 1961లో చికాగోలో ఎవరో కొట్టారు, ఆ దెబ్బలతో ఇంటికి చేరి 36 ఏళ్లకే పోయాడు. బేస్‌బాల్ లోకం నుంచి ఆ అంత్యక్రియలకి వెళ్లింది ఒక్క బాబ్ కేన్. ఆ రోజు ఆ నాలుగు బంతులు వేసిన మనిషి. మనిషి ఆకారాన్ని చూపించి నవ్వించే ఐడియా ఎవరు తెచ్చినా నేను ఒప్పుకోను, వెక్ మీద ఎంత అభిమానం ఉన్నా ఈ విషయంలో ఆయన వైపు నిలబడలేను. గేడెల్ తనకి దొరికిన ఆ కాసేపటిని సంతోషంగా గడిపాడన్నది నిజమే. ఆ సంతోషాన్ని నమ్ముతాను, ఆ ఐడియాని మాత్రం తలకెత్తుకోను.

అపోహ: జనానికి నిర్ణయాలు అప్పగిస్తే ఆట నాశనమే.

గేడెల్ సంగతి జరిగిన వారంలోపే, ఆగస్టు 24న, వెక్ స్టాండ్స్‌లో వెయ్యికి పైగా ఫ్యాన్స్ చేతికి యస్, నో అట్టలు ఇచ్చాడు. దొంగ పరుగు తీయాలా, ఫీల్డర్లని దగ్గరికి పిలవాలా అని బోర్డు చూపిస్తే వాళ్లు ఓటేశారు. మేనేజర్ టేలర్ చెప్పులేసుకుని ఊగే కుర్చీలో కూర్చున్నాడు. టీమ్ ఓడిపోయిందనే అందరూ చెబుతారు. 5-3తో గెలిచింది! వరసగా ఓడుతున్న టీమ్ అది. మామూలు ఫ్యాన్‌కి ఆట అర్థమవుతుందని వెక్ నమ్మాడు, ఆ రోజు ఫ్యాన్స్ ఆ నమ్మకం నిలబెట్టారు.

అపోహ: ఫ్రీగా వస్తువులు పంచితే జనం వస్తారు, వెక్ కిటుకు అదే.

మా ఫీల్డ్‌లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇది. వెక్ పంచాడు, కాదనను. మిల్వాకీలో చిన్న టీమ్ నడిపినప్పుడు ఒకరికి బతికున్న లాబ్‌స్టర్లు, ఇంకొకరికి పెద్ద ఐస్ దిమ్మ ఇచ్చేవాడు. పక్కవాడు ఆ ఐస్‌తో ఏం చేస్తాడో చూడటమే అందరికీ వినోదం. కానీ అదే మిల్వాకీలో యుద్ధకాలంలో రాత్రి షిఫ్ట్ చేసి వచ్చే ఫ్యాక్టరీ కార్మికుల కోసం పొద్దున్నే మ్యాచ్ పెట్టి, స్టాండ్స్‌లో కార్న్‌ఫ్లేక్స్ పెట్టించాడు. ఆట చూడాలనున్నా కుదరనివాళ్లు ఎవరు, వాళ్లకి ఏ టైమ్ వీలు అని ముందు ఆలోచించాడు. వైట్ సాక్స్ కొన్నాక గ్రౌండ్‌లో బాత్రూమ్‌లు, ముఖ్యంగా ఆడవాళ్లవి, బాగుచేయించాడు. తన ఫోన్ తనే ఎత్తేవాడు. మ్యాచ్ జరుగుతుంటే చెక్క కాలుతోనే మెట్లెక్కి స్టాండ్స్‌లో జనం మధ్య కూర్చునేవాడు. యుద్ధంలో శతఘ్ని వెనక్కి తన్ని కాలు నలిగిపోయింది, తర్వాత ముప్పైకి పైగా ఆపరేషన్లు. ఆ చెక్క కాలికి చిన్న గుంట తొలిపించి సిగరెట్ బూడిద అందులో రాల్చేవాడు.

1948లో క్లీవ్‌లాండ్‌లో జో ఎర్లీ అనే వాచ్‌మన్ పేపర్‌కి ఒక ఉత్తరం రాశాడు. స్టార్ ఆటగాళ్లకేనా సన్మానాలు, టికెట్ కొని వచ్చే నాలాంటి వాడికి ఎందుకు చేయరు అని. వెక్ ఆ ఉత్తరం చదివి ‘గుడ్ ఓల్డ్ జో ఎర్లీ నైట్’ పెట్టేశాడు. ముందు అతనికి జంతువులు, డొక్కు కారు లాంటి నవ్వులాట బహుమతులు తెచ్చారు, ఆ తర్వాత నిజంగానే కొత్త ఫోర్డ్ కారు ఇచ్చారు. ఆడవాళ్లకి ఆర్కిడ్ పూలు, హవాయి నుంచి విమానంలో తెప్పించినవి.

నాకు ఇది అర్థమవడానికి ఒక చేదు అనుభవం కావాల్సొచ్చింది. నా రెండో ఏడాదిలో ‘మొదటి వెయ్యి మందికి టోపీ’ అని ప్రకటించాం. సన్నటి వాన. లైన్ పార్కింగ్ దాకా పోయింది. గేటు దగ్గర డబ్బా ఖాళీ అయినప్పుడు ఎదురుగా ఒక తాత, ఏడెనిమిదేళ్ల మనవడు. తడిసిపోయి గంటన్నర నిలబడ్డారు. పిల్లాడు ఏడవలేదు, ఖాళీ డబ్బాలోకి తొంగి చూశాడు. నేను నా తలమీది టోపీ తీసి ఇస్తే వాడు తల అడ్డంగా ఊపాడు, అది పాతదని. ఆ రోజు నుంచి మా దగ్గర లైన్‌లో వెయ్యో మనిషి వెనకాల ఒకరు బోర్డు పట్టుకుని నిలబడతారు, ‘టోపీలు ఇక్కడి వరకే, తర్వాతి వాళ్లకి ఐస్‌క్రీమ్’ అని. తడుస్తూ నిలబడ్డవాడికి నిజం ముందే తెలియాలి.

అపోహ: 1976లో వైట్ సాక్స్ సీజన్ మొత్తం నిక్కర్లతో ఆడారు. లేదు, మూడే మ్యాచ్‌లు. 1960లో మొదలైన పేలే స్కోర్‌బోర్డు మాత్రం, మా పెద్దలు ఎంత గొప్పగా చెబుతారో అంత గొప్పదే. మన వాళ్లు హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొడితే బోర్డు మీంచి టపాసులు! అదే ఏడాది జెర్సీ వెనక ఆటగాడి పేరు వేయించిందీ ఆయనే.

అపోహ: 1942-43లో వెక్ ఫిలడెల్ఫియా టీమ్ కొని అంతా నల్లజాతి ఆటగాళ్లతో నింపబోతే అడ్డుపడ్డారు.

ఇది స్వయంగా ఆయన చెప్పిన కథ. 1998లో కొందరు బేస్‌బాల్ చరిత్రకారులు పాత పేపర్లన్నీ తిరగేసి ఇది కల్పన అన్నారు. ఆ తర్వాత వేరేవాళ్లు, ఆయన ఈ మాట చాలా ముందే అన్న ఆధారాలు చూపించారు. గొడవ తేలలేదు. అందుకే మా కుర్రాళ్లకి చెప్పేటప్పుడు ‘వెక్ చెప్పిన ప్రకారం’ అనే అంటాను. డోబీ విషయం రికార్డులో ఉంది, ఆయన గొప్పతనానికి అది చాలు.

అపోహ: డిస్కో రికార్డులు పేల్చిన రాత్రి సరదాగా గడిచింది, ఐడియా వెక్‌దే.

1979 జూలై 12, చికాగోలో వైట్ సాక్స్ గ్రౌండ్. ఐడియా వెక్ కొడుకు మైక్, రేడియో వ్యాఖ్యాత స్టీవ్ డాల్ కలిసి వేసింది. ఓనర్ వెక్ కాబట్టి బాధ్యత మాత్రం ఆయనదే, ఆయన దాన్ని వేరేవాళ్ల మీదకి తోసేయలేదు. డిస్కో రికార్డు ఒకటి తెస్తే టికెట్ 98 సెంట్లు. అనుకున్నది 20 వేల మంది, లోపలికి వచ్చింది 50 వేల దాకా, బయట ఇంకా వేలమంది. సెక్యూరిటీలో చాలామందిని గేట్ల దగ్గరికి పంపేశారు. మొదటి మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ మధ్యలో రికార్డుల పెట్టె పేల్చారు, పేలగానే వేలమంది మైదానంలోకి దూకేశారు. బేసులు పీకారు, గడ్డి తగలబెట్టారు. వెక్ మైక్రోఫోన్ పట్టుకుని సీట్లలోకి వెళ్లండని బతిమాలాడు, ఎవరూ వినలేదు. పోలీసులు వచ్చి 39 మందిని అరెస్ట్ చేశారు. రెండో మ్యాచ్‌ని ఆడకుండానే ఎదుటి టీమ్ డెట్రాయిట్‌కి ఇచ్చేశారు.

ఇప్పుడు వయసైన ఫ్యాన్స్ దీన్ని నవ్వుతూ చెబుతారు. ఆ రోజు అక్కడ అషర్‌గా (జనానికి సీట్లు చూపించే పనిలో) ఉన్న విన్స్ లారెన్స్, తర్వాత హౌస్ మ్యూజిక్ అనే డాన్స్ సంగీతంలో పేరు తెచ్చుకున్నవాడు, వేరే సంగతి చెప్పాడు: జనం తెచ్చినవి డిస్కో రికార్డులే కాదు, డిస్కోతో సంబంధం లేని నల్లజాతి కళాకారుల రికార్డులూ ఉన్నాయని. అది విన్నాక నేను ఆ రాత్రిని సరదా అనలేను. ఏదైనా ఒక దాన్ని ద్వేషించడానికి జనాన్ని పిలిస్తే, వచ్చినవాళ్లు ఆ ద్వేషం ఎక్కడ ఆపుతారో మన చేతుల్లో ఉండదు. మా మీటింగ్‌లో ‘ఫలానాదాన్ని తగలబెడదాం, తొక్కిద్దాం’ లాంటి ఐడియా వస్తే అక్కడికక్కడే కొట్టేస్తాను.

అపోహ: వెక్ ఓనర్‌గానే, దర్జాగా పోయాడు.

అంత డబ్బు ఆయన దగ్గర ఎప్పుడూ లేదు, ప్రతిసారీ భాగస్వాములతోనే టీమ్ కొన్నాడు. ఆటగాళ్ల జీతాలు పెరిగేసరికి తట్టుకోలేక 1981లో వైట్ సాక్స్ అమ్మేశాడు. అయినా తనని అడక్కుండా వేరే టీమ్‌కి మార్చారని ఆటగాడు కర్ట్ ఫ్లడ్ వేసిన కేసు 1970లో కోర్టుకొచ్చినప్పుడు ఆటగాళ్ల హక్కుల తరఫున సాక్ష్యం చెప్పింది ఈయనే. బేస్‌బాల్ గొప్పవాళ్ల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది ఆయన పోయాక, 1991లో. చివరి ఏళ్లలో ఎండాకాలం మధ్యాహ్నాలు రిగ్లీ ఫీల్డ్‌లో, చవక టికెట్ల బెంచీల మీద, చొక్కా విప్పేసి, చెక్క కాలు ముందుకు చాపుకుని కూర్చునేవాడు. పక్కన ఎవరు కూర్చున్నా వాళ్లతో ఆట గురించి మాట్లాడుతూ. కింద గోడ మీద 1937 నాటి తీగ.