షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో స్పర్శ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఒక షుగర్ క్లినిక్‌లో పాదాలు పరీక్షించడం నా పని. రాయపురం, పెరంబూరు, షావుకారుపేట వైపు నుంచి తెలుగువాళ్లు చాలామంది వస్తారు. చెప్పులు విప్పమంటే మొహమాటపడి, "కాళ్లకేం లేదమ్మా, షుగర్ చూస్తే చాలు" అంటారు. నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: "నొప్పి లేదు కాబట్టి కాళ్లు బాగున్నట్టే."

ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు కాలివేళ్లకు వెళ్లేవే. షుగర్ మొదట దెబ్బతీసేది వాటి కొసలనే. ఏళ్ల తరబడి మెల్లగా, రెండు కాళ్లలోనూ దాదాపు ఒకేలా స్పర్శ తగ్గుతుంది. ఒక్క కాలే మొద్దుబారితే తేడా పట్టేసేవారు. రెండూ కలిసి తగ్గితే దేనితో పోల్చుకుంటారు? అందుకే "స్పర్శ ఉందా?" అని అడిగితే ఉందనే చెబుతారు, నిజాయితీగానే. నేను ఆ ప్రశ్న అడగడం మానేశాను. "నడుస్తుంటే హవాయి చెప్పు జారిపోయి, నాలుగడుగులు వేశాక చూసుకున్నారా ఎప్పుడైనా?" అని అడుగుతాను. చాలాసార్లు ఆయనకంటే ముందు పక్కనున్న భార్యే జవాబు చెబుతుంది.

నొప్పి తెలియకపోవడం ఎంత ప్రమాదమో లోకానికి చెప్పినవారిలో ముఖ్యుడు మన పక్క ఊరు వేలూరులో పనిచేసిన డాక్టరే. 1946లో అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో చేరిన పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు ఏళ్ల తరబడి పరిశీలించారు. వేళ్లు పోతున్నది వాటంతట అవి కుళ్లి కాదని, తగిలిన దెబ్బ తెలియక దాని మీదే పని చేస్తూ, నడుస్తూ ఉండటం వల్లనని చూపించారు. తర్వాత అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో ఇదే అవగాహన షుగర్ రోగుల పాదాలకూ పనికొచ్చింది.

అపోహ: "అరికాళ్లు మండుతున్నాయంటే నరాలు బాగా పనిచేస్తున్నట్టే కదా!"

మంట, చురుకులు ఎక్కువగా సన్న నరాల గొడవ. తాకిడి, అదురు తెలిపేవి లావు నరాలు. రాత్రి దుప్పటి తగిలితే ఓర్చుకోలేని మనిషికి పగలు మేకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. మంటకు ఇచ్చే మాత్రలు మంటనే తగ్గిస్తాయి, పోయిన స్పర్శను తెచ్చివ్వవు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గి, దానివల్లా నరాలు దెబ్బతినవచ్చు. అది రక్తపరీక్షలో తేలుతుంది. ఊరికే సూది మందులు వేయించుకునే ముందు ఆ పరీక్ష గురించి డాక్టరుని అడగండి.

అపోహ: "ఆ నైలాన్ దారమేగా! చీపురుపుల్లతో మేమే చూసుకుంటాం."

పాదంలో స్పర్శ ఉందో లేదో చూడటానికి మేం ఆనించే ఆ దారం పేరు మోనోఫిలమెంట్. నిలువుగా ఆనించి నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగుతుంది. వంగాక ఇంకా నొక్కినా ఒత్తిడి పెద్దగా పెరగదు. అందువల్ల పరీక్ష నేను చేసినా, కొత్తగా చేరిన అమ్మాయి చేసినా కాలికి తగిలేది ఇంచుమించు ఒకే ఒత్తిడి. చీపురుపుల్లకు ఆ లెక్క లేదు సరికదా, గుచ్చుకుని పుండవుతుంది.

దారం మంచిదైనా పద్ధతి తప్పితే లాభం లేదు. ముందు చేతి మీద ఆనించి ఎలా ఉంటుందో తెలియజేయాలి. తర్వాత కళ్లు మూసుకోమనాలి. బొటనవేలి అడుగున, వేళ్ల మొదళ్ల దగ్గర చూడాలి, ఆనె కట్టిన చోట మాత్రం పెట్టకూడదు. ఒక్కో చోట మూడుసార్లు అడగాలి. అందులో ఒకసారి అసలు తాకకుండానే అడగాలి. మూడింటిలో రెండు సరిగ్గా చెబితే అక్కడ స్పర్శ ఉన్నట్టు లెక్క. తాకకుండా అడిగినప్పుడు "ఆ, తెలిసింది" అనేవాళ్లు ఎందరో. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక అలా అంటారు, పాపం!

వాడేకొద్దీ నైలాన్ కూడా అలసిపోతుంది. వరుసగా పదిమందిని చూశాక ఆ దారాన్ని ఒక రోజు పక్కన పెట్టాలి. పైగా మన చెన్నై ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే దారం మెత్తబడి తక్కువ ఒత్తిడికే వంగుతుంది, బాగున్న కాలు కూడా మొద్దుబారినట్టు కనబడుతుంది. ఒకే దారంతో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడిపే క్యాంపు రిపోర్టు ఎవరైనా తెస్తే, నేను మళ్లీ మొదటినుంచి చూస్తాను.

ఇంట్లో చూసుకోవాలంటే వేలు చాలు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో రూపొందిన పద్ధతి ఇది. కళ్లు మూయించి, రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కకూడదు, నిమరకూడదు, తెలియలేదంటే మళ్లీ తాకకూడదు. ఆరింటిలో రెండు తెలియకపోయినా క్లినిక్‌కి రావాల్సిందే.

అపోహ: "మిషన్‌లో 28 వచ్చింది. అంటే 28 శాతం నరాలు పోయాయి."

రిపోర్టు పట్టుకుని ఏడ్చినవాళ్లనూ చూశాను. అదురు ఎక్కడ తెలుస్తుందో చూసే ఆ మిషన్ పేరు బయోథీసియోమీటర్. అది చూపించేది శాతం కాదు, వోల్టులు. కాలికి కరెంటేమీ ఎక్కదు, ఆనించిన మొన అదురుతుంది, అంతే. అదురు పెంచుకుంటూ పోయి, ఎక్కడ తెలిసిందో ఆ అంకె రాస్తాం. 25 దాటితే పుండు పడే ప్రమాదం బాగా ఎక్కువ. ఇందులో ఒక చిక్కుంది. అదురు వోల్టుల వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. 15 దగ్గర తెలిసినవారితో పోలిస్తే 30 దగ్గర తెలిసినవారికి నాలుగింతల అదురు కావాల్సి వచ్చిందన్నమాట. వయసు మీదపడితే షుగర్ లేనివాళ్లకూ ఈ అంకె పెరుగుతుంది. మిషన్ లేని చోట కొడితే అదిరే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి ఎముక మీద ఆనించి చూసినా పని జరుగుతుంది.

అపోహ: "స్పర్శ పోయిందంటే ఇక కాలు తీసేస్తారు."

తీయరు. స్పర్శ లేని కాలికి దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలావరకు పుండే పడదు. బ్లేడుతో ఆనెలు కోసుకోవద్దు. నీళ్ల వేడి మోచేతితో చూశాకే కాలు పెట్టండి. వాపు వచ్చి మట్టెలు బిగిస్తుంటే తీసేయండి. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు ఇంట్లో కూడా వేసుకోండి. మే నెల కత్తిరి ఎండల్లో గుడి ప్రాకారంలో మధ్యాహ్నం ప్రదక్షిణలు చేసి అరికాలంతా బొబ్బలతో వచ్చేవాళ్లున్నారు. మానమంటే వినరు, నేనూ మానమనను. తెల్లవారుజామున రాయి చల్లగా ఉన్నప్పుడు వెళ్లమంటాను. తమిళుల పురటాసి నెలలో తిరుపతికి ఉత్తకాళ్లతో నడుస్తామనేవాళ్లతో మాత్రం గొడవపడతాను.

అపోహ: "ఒకసారి చూపించుకున్నాం, చాలు."

టైప్ 2 అయితే షుగర్ ఉందని తెలిసినప్పుడే పాదాలు చూపించుకోవాలి. ఎందుకంటే జబ్బు అంతకు ఎన్నాళ్ల ముందే మొదలైందో ఎవరూ చెప్పలేరు. స్పర్శ, రక్తప్రసరణ బాగుంటే ఏడాదికోసారి చాలు. స్పర్శ ఒక్కటే తగ్గితే 6 నుంచి 12 నెలలకోసారి. దానికి వేళ్ల వంకరో, రక్తప్రసరణ లోపమో తోడైతే 3 నుంచి 6 నెలలకు. స్పర్శ లేని కాలిలో ఒకసారి పుండు పడి మానినవాళ్లు 1 నుంచి 3 నెలలకోసారి రావాలి. వచ్చేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని రండి. వాటి లోపల కూడా చెయ్యి పెట్టి చూస్తాం.